సాక్షికి ఒక్క ప్రశ్న

ఆ లాండ్రీలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. ఆస్పత్రి దుప్పట్లను వేడి రోలర్ల మధ్యకు తోసే పెద్ద యంత్రం దగ్గర పదిహేడేళ్లు నిలబడింది. తమ్ముడు నడుము విరిగి మంచాన పడ్డాక మరదల్ని కూడా తనే తీసుకొచ్చి పక్కన పెట్టుకుని పని నేర్పింది.

ఒక మంగళవారం ఉదయం మరదలి ఎడమ చెయ్యి దుప్పటితో పాటే రోలర్ల మధ్యకు పోయింది. అక్క ముందూ వెనకా చూడకుండా ఎర్ర బటన్ నొక్కింది. వరుసలోని యంత్రాలన్నీ ఆగిపోయాయి. చెయ్యి దక్కింది గాని ముంజేయి బాగా కాలింది.

సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. చేతి వంక చూడలేదు, గడియారం వంక చూశాడు.

"నన్నడక్కుండా లైను ఎవరాపమన్నారు?"

"చెయ్యి పోయేదండీ."

"నీ సామాన్లు తీసుకుని బయల్దేరు. రేపట్నుంచి రావద్దు."

అక్క మెడలోని గుర్తింపు కార్డు అక్కడికక్కడే తీయించి, గేటు దాకా మనిషిని పంపాడు.

నిరుద్యోగ భృతి ఇచ్చే ఆఫీసులో గుమాస్తా మంచివాడే. అర్థమయ్యేలా చెప్పాడు. "పనిలోంచి తీసేస్తే భృతి వస్తుందమ్మా. కావాలని తప్పు చేస్తే మాత్రం రాదు. కారణం లేకుండా యంత్రాలు ఆపారని కంపెనీ రాసింది. కారణం ఉందని చెప్పే మనిషి ఎవరైనా ఉన్నారా?"

"లేకేం, మా మరదలే ఉంది" అంది అక్క ధీమాగా.

ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్లింది. మరదలు కట్టు తడవకుండా ఒంటిచేత్తో అంట్లు తోముతోంది. "చెప్పకుండా ఎలా ఉంటాను వదినా? ఈ చెయ్యి మిగిలిందే నీ వల్ల" అంది.

విచారణ ఓ ఇరుకు గదిలో జరిగింది. బల్లకు అటు అధికారిణి, ఇటు అక్క, ఎదురుగా సూపర్‌వైజర్. మరదలు ఆఖర్న వచ్చింది. అంత ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ఎడమ చేతిది వేళ్ల దాకా లాక్కుంది. అక్క వైపు చూడలేదు.

"ఆ రోజు మీ చెయ్యి యంత్రంలో పడిందా?" అడిగింది అధికారిణి.

"లేదండీ."

"మరి ఈవిడ ఎందుకు ఆపారు?"

"తెలీదండీ. నేను అటు తిరిగున్నాను."

అధికారిణి అక్క వైపు తిరిగింది.

"సాక్షిని మీరేమైనా అడగొచ్చు" అంది అధికారిణి.

ఒక్క మాట చాలు. చొక్కా చెయ్యి పైకి లాగమంటే చాలు. ఆ మాట అక్క నాలుక చివరి దాకా వచ్చింది. మరదలు ఎడమ చెయ్యి బల్ల కిందికి దించుకుంది. సూపర్‌వైజర్ ఏమని బెదిరించి ఉంటాడో, మంచం మీది మనిషికి మందులు ఎవరి జీతంతో వస్తున్నాయో అక్కకు ఒకరు చెప్పక్కర్లేదు.

"తమ్ముడెలా ఉన్నాడు?" అంది.

మరదలు తలెత్తింది.

"విషయానికి సంబంధించింది అడగండి" అంది అధికారిణి.

"ఇంకేం లేదండీ."

పది రోజులకు ఉత్తరం వచ్చింది. భృతికి అర్హత లేదన్నారు. అక్క ఓ బడిలో గదులు ఊడ్చే పనికి కుదిరింది. పెద్దమనసుతో మరిచిపోయిందనుకుంటే పొరపాటు. ఖాళీ గదుల్లో ఊడుస్తూ ఒక్కోసారి పైకే అనేసేది, "ఏదీ, చెయ్యి చూపించవే" అని. అన్నాక కళ్లు తుడుచుకునేది.

నెల తర్వాత ఓ ఆదివారం మరదలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తిట్టు వదినా. నాలుగు తిట్టి పంపించు."

"తిడితే నీకు తేలికవుతుంది" అంది అక్క. "నాకేమవుతుంది?"

లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు. మరదలు కాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్లిపోయింది.

రాకపోకలు ఆగలేదు. తమ్ముణ్ణి చూడ్డానికి అక్క వెళుతూనే ఉంది. అతని ముందు వదినా మరదళ్లు మామూలుగానే మాట్లాడుకునేవారు. అతనికి కునుకు పడితే మాత్రం, ఇద్దరిలో ఎవరో ఒకరు ఏదో పని కల్పించుకుని బయటికి వెళ్లిపోయేవారు.