నల్ల ఇసుక బేరం

జీడిపిక్కలు రాలే కాలంలో దిబ్బలపాడులో పొద్దున్నే ఏ ఇంటి తలుపు తట్టినా పలికేవాళ్లుండరు. పిల్లా పెద్దా అంతా తోటల్లోనే ఉంటారు. ఆ రోజు కూడా గున్నయ్య తన దిబ్బతోటలో వంగి పిక్కలు ఏరుతున్నాడు. అతని భార్య కాసులమ్మ పండు నుంచి పిక్కను మెలితిప్పి గంపలో వేస్తోంది. తిత్లీ తుఫాను పాత చెట్లన్నిటినీ వేళ్లతో పెకలించి పోయాక, ఆలుమగలిద్దరూ కావిళ్లతో నీళ్లు మోసి పెంచుకున్న మొక్కలవి. ఈమధ్యే కాపుకొచ్చాయి.

భావనపాడుకు ఉత్తరంగా, సముద్రానికీ ఊరికీ నడుమ గోడలా నిలబడిన ఇసుకదిబ్బ అది. దాని మీద జీడిమామిడి, వెనక కొబ్బరి, అడుగున ఊరందరిదీ ఒక నుయ్యి. ఈ ఉద్దానం ప్రాంతంలో నీళ్ల మాటెత్తితే మనుషులు భయపడతారు. ఏ ఊరికి వెళ్లినా కిడ్నీ జబ్బుతో మంచం పట్టినవాళ్లు కనిపిస్తారు. కాసులమ్మ తండ్రి, మేనమామ ఆ జబ్బుతోనే పోయారు. ఆమెకూ కొద్దిగా ఉందని, జాగ్రత్తగా ఉంటే నెట్టుకురావచ్చని పలాస డాక్టరు చెప్పాడు. కుళాయిలో నీళ్లు వచ్చినరోజు వస్తాయి, రానిరోజు రావు. అందుకే ఆమెకు ఆ తియ్యటి నూతినీళ్లంటే ప్రాణం.

దిబ్బ ఎక్కి ముగ్గురు మనుషులు వచ్చారు. ముందు నడిచేవాడు నాగేంద్రబాబు. కాసులమ్మకు పెదనాన్న కొడుకు, ఊళ్లో పెద్ద రైతు, మాట చెల్లేవాడు. వెనక ఉన్న ఇద్దరు పైఊరి మనుషుల్లో ఒకడు జేబులోంచి అయస్కాంతం తీసి ఇసుకలో దూర్చి పైకెత్తాడు. నల్లటి రేణువులు చీమల్లా దాన్ని పట్టుకుని వేలాడాయి.

"ఏటి బావా ఇది?" అని అడిగాడు గున్నయ్య.

"మన అదృష్టం బావా! ఇన్నాళ్లూ తొక్కుకుంటూ తిరిగినాం," అన్నాడు నాగేంద్రబాబు. అతని ముఖంలో కపటం లేదు. నిజంగానే అలా నమ్మాడు.

అసలు ఈ కథ దిబ్బలపాడులో మొదలవలేదు. ఎక్కడో రెండు పెద్ద దేశాలకు వ్యాపారం దగ్గర తగవు వచ్చింది. కరెంటుతో నడిచే కార్లకూ, గాలిమరలకూ, క్షిపణులకూ, రాడార్లకూ కొన్ని అరుదైన లోహాలు కావాలి. వాటిని శుద్ధిచేసే పని చాలామటుకు ఒక దేశం గుప్పిట్లో ఉంది. నా సరుకు మీద నువ్వు పన్ను పెంచితే, నీ ఆయుధాలకు నేను లోహం ఆపుతానంది ఆ దేశం. దాంతో ప్రపంచమంతటా ఆ లోహం ధర చుక్కలనంటింది. మన దేశానికీ బెంగ పట్టుకుంది. ఇంకొకడి దయ మీద ఆధారపడకుండా మన తీరంలోని నల్ల ఇసుకలోనే ఆ లోహాలు తీసుకోవాలన్న మాట బయలుదేరింది. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. అయితే ఆ మాట ఊరి దాకా వచ్చేసరికి, దాన్ని మోసుకొచ్చింది లాభం చూసుకునే ఒక కంపెనీ.

బడి ఆవరణలో సభ పెట్టారు. కంపెనీ పెద్దమనిషి చక్కగా మాట్లాడాడు.

"మీ ఊరి నుంచి ఎందరో కుర్రాళ్లు సైన్యంలో ఉన్నారని విన్నాను. వాళ్లకు రక్షణ ఇచ్చే రాడార్లకు ఈ లోహమే కావాలి. ఆ లోహం వచ్చే కుళాయి ఇప్పుడు శత్రువు చేతిలో ఉంది. దాన్ని విడిపించే శక్తి మీ ఇసుకలో ఉంది."

గున్నయ్య గుండె ఉప్పొంగింది. అతని కొడుకు తరుణ్ మంచుకొండల మీద సరిహద్దులో కాపలా ఉన్నాడు. ఫోను దొరికినప్పుడల్లా "బాగానే ఉన్నానే అమ్మా" అంటాడు గానీ, వెనక వినిపించే గాలి హోరు ఆ తల్లిదండ్రులకు నిద్ర పట్టనివ్వదు.

ఆడవాళ్లలోంచి కాసులమ్మ లేచింది. "దిబ్బ తీసీసినాక మా నుయ్యి ఏటవుతాది బాబూ? సముద్రం లోనకి రాదేటి?"

"తవ్విన ఇసుకలో లోహం తీసుకుని, మిగతాదంతా మళ్లీ అక్కడే పోసేస్తామమ్మా. మొక్కలు కూడా మేమే నాటిస్తాం."

ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంటికొచ్చాక మొగుణ్ని అడిగింది. "నీ మాటంటే అందరికీ గురి. నువ్వు సంతకం ఎడితే ఊరంతా ఎడతాది. ఆలోసించుకున్నావేటి?"

"కొడుకు పేనం కన్నా తోట ఎక్కువేటే? దేశం అడుగుతున్నాది. కాదంటే ఆడి మొకం ఎలాగ సూడగలను?"

కాసులమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మర్నాడు అందరికన్నా ముందు గున్నయ్య సంతకం పెట్టి భూమిని కంపెనీకి కౌలుకిచ్చాడు. అతన్ని చూసి తక్కినవాళ్లూ ఇచ్చారు.

యంత్రాలు వచ్చాయి. కాపు మీదున్న చెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. తుఫాను కూల్చినప్పుడు ఏడ్చిన గున్నయ్య, ఈసారి కళ్లు తుడుచుకుని నిబ్బరంగా నిలబడ్డాడు. కొన్నాళ్లు అన్నీ చెప్పినట్టే జరిగాయి. కౌలు సొమ్ము అందింది. కుర్రాళ్లకు కాపలా ఉద్యోగాలు దొరికాయి. తవ్విన గోతుల్ని తిరిగి పూడుస్తున్నారు. రవికుమార్ అనే ఇంజనీరు సాయంత్రాలు గున్నయ్య అరుగు మీద కూర్చుని టీ తాగేవాడు. "బాబాయ్" అని నోరారా పిలిచేవాడు.

రానురాను ధర ఇంకా పెరిగింది. ధర ఉన్నప్పుడే తవ్వుకోవాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. తవ్వడం పెరిగి, పూడ్చడం వెనకబడింది. అడిగితే "ఎండాకాలంలో పూడుస్తాం" అన్నారు.

ఎండాకాలం రాకముందే ఒక మధ్యాహ్నం పెద్ద లారీలు బారులు తీరి యంత్రాలను ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. గున్నయ్య తింటున్న కంచం ముందునుంచి లేచి పరిగెత్తాడు. రవికుమార్ తన సామాను సర్దుకుంటున్నాడు.

"ఏటి బాబూ, ఎక్కడికి?"

రవికుమార్ తలెత్తలేదు. "పని ఆపేశారు బాబాయ్. ఆ రెండు దేశాలూ రాజీ పడ్డాయి. మళ్లీ లోహం అమ్ముతున్నారు. ఇక్కడ తవ్వి తీసేదానికన్నా అక్కడినుంచి తెస్తే సగం ధరకే వస్తుంది. కంపెనీకి ఇది గిట్టదు."

"మరి దేశానికి కావాలన్నారు కదేటి?"

"అప్పుడు కావాల్సొచ్చింది."

"మరి ఈ గోతులో?"

ఇంజనీరు పెట్టె మూసి తాళం వేసుకున్నాడు. "నాకూ ఉద్యోగం పోయింది బాబాయ్," అని మాత్రం అన్నాడు. సాయంత్రానికి దిబ్బ మీద మనిషన్నవాడు లేడు. కంపెనీ చేతులెత్తేసింది. గోతులు పూడ్పించమని నాగేంద్రబాబు టెక్కలికీ శ్రీకాకుళానికీ చెప్పులరిగేలా తిరిగాడు. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు.

ఆ శీతాకాలం వాయుగుండం పట్టింది. పెద్ద తుఫానేమీ కాదు. దిబ్బ నిలబడి ఉంటే ఊరికి తెలిసేది కూడా కాదు. పోటు మీదున్న సముద్రం తెగిన చోటునుంచి లోపలికొచ్చి గోతుల్లో నిండింది. తిరిగి వెళ్లలేదు. కొన్ని వారాలకు నూతినీళ్లు చప్పబడ్డాయి, తర్వాత ఉప్పుతేలాయి. కొబ్బరి మట్టలు కొసలనుంచి ఎర్రబారి, చెట్లు ఒక్కొక్కటే మొవ్వు వాల్చేశాయి. ఊళ్లో సగం కొంపలు తాళాలేసుకుని చెన్నైకో విశాఖకో కూలికి వెళ్లిపోయాయి. మొన్నటిదాకా కంచిలి నుంచి కూలీలను పిలిపించి పిక్కలేరించుకున్న రైతులు, ఇప్పుడు మందస వైపు ఎవరి తోటలోనైనా పని దొరుకుతుందా అని బస్సెక్కుతున్నారు.

కాసులమ్మ బోరునీళ్లు తాగింది. వాటివల్లే జబ్బు ముదిరిందని ఏ డాక్టరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కాళ్లు నీరుపట్టి, ముఖం వాచి, అన్నం వాసనకే వాంతి వచ్చే స్థితికి వచ్చింది. వారానికి రెండుసార్లు పలాస తీసుకువెళ్లి డయాలసిస్ చేయించాలి. తిరుగు ప్రయాణంలో ఆమె గున్నయ్య భుజం మీద తల వాల్చి, "నాలిక పిడసకట్టుకుపోతన్నాదయ్యా, ఒక్క గుక్క" అనేది. ఎక్కువ తాగకూడదని డాక్టరు ఆంక్ష. నీళ్లసీసా చేతిలో పెట్టుకుని, ఇవ్వలేక, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునేవాడు గున్నయ్య. ఆమెకు ఆ కాసిన్ని మంచినీళ్లూ పక్కూరు గెడ్డపేటలో కాపురం చేస్తున్న కూతురు అశ్విని పంపేది. అక్కడి దిబ్బ ఇంకా నిలిచే ఉంది.

తరుణ్ సెలవు మీద వచ్చాడు. మొదట అమ్మను చూశాడు, తర్వాత దిబ్బను చూశాడు. తిరిగొచ్చి తండ్రి పక్కన అరుగు మీద కూలబడ్డాడు.

"ఎందుకిచ్చినావు నాన్నా?"

గున్నయ్య దాచుకోలేదు. "నీకోసమేరా. ఈ ఇసక ఇత్తే నీకు కాపుదల అన్నారు."

తరుణ్ కళ్లు ఎర్రబడ్డాయి. "నా పేరు సెప్పి అడిగినారా? మంచులో ఏళ్లు కొంకర్లు పోతా ఉంటే, అమ్మ తోటలో ఉంటాది, నూతికాడ ఉంటాది అనుకుంటాను. అది తలుసుకునే నిలబడతాను. నాను కాపలా కాసీది ఈ ఊరిని కాదేటి నాన్నా?"

తండ్రి మీద కోపంతో అన్న మాట కాదది. కానీ గున్నయ్య ఆ రోజు నుంచి మనుషుల మధ్యకు రావడం మానేశాడు. ఊరంతా తనను చూసే సంతకాలు పెట్టారన్న సంగతి అతన్ని పురుగులా తొలిచేసింది.

కొడుకు డ్యూటీకి వెళ్లిపోయిన కొన్నాళ్లకు ఆ దూరదేశాల మధ్య మళ్లీ చెడింది. ధర మళ్లీ లేచింది. ఇంకో కంపెనీ వచ్చింది. ఈసారి వాళ్లకు దిబ్బలపాడులో మిగిలిన ఇసుకతో పాటు గెడ్డపేట దిబ్బ కూడా కావాలి. టెక్కలిలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ముందురోజు నాగేంద్రబాబు వచ్చాడు. మనిషి సగమైపోయాడు. అతని కొబ్బరితోటా పోయింది.

"బావా, మనకెలాగూ పోనాది. ఒప్పుకుంటే పాత గోతులు కూడా పూడుత్తామంటున్నారు. కాసులుకి వైద్యానికి నాలుగు రాళ్లొత్తాయి. నువ్వు ముందు లేచి సరే అను సాలు. నీ మాట ఇంటారు."

గున్నయ్య మంచం మీది భార్యను చూశాడు. ఆమెకు అంతా వినిపించింది. "నా పేరు ఎట్టీకు," అంది నీరసంగా. "కొడుకు పేరు సెప్పుకొని ఒకపాలి ఇచ్చినావు. పెళ్లాం పేరు సెప్పుకొని ఇంకోపాలి ఇత్తావేటి? గెడ్డపేటలో నా కూతురుంది, దాని పిల్లలున్నారు."

ఆ సభ తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను. అనుమతి రాలేదు, అలాగని రద్దూ కాలేదు. కాగితాలు ఇంకా ఎక్కడో నలుగుతూనే ఉన్నాయి. దిబ్బలపాడు గోతులు అలాగే ఉన్నాయి. కాసులమ్మ వానలు పడకముందే కన్నుమూసింది. దహనానికి తరుణ్ అందుకోలేకపోయాడు. గెడ్డపేట ఆడవాళ్లు మాత్రం ఈనాటికీ తమ దిబ్బ మీద కొత్త మనిషి కనబడితే పనులు వదిలి పరిగెత్తుకొస్తారు. వాళ్లకా ధైర్యం ఆనాటి సభలోనే వచ్చింది.

ఆ రోజు వేదిక మీద అధికారులు, కంపెనీవాళ్లు కూర్చున్నారు. ఝాన్సీలక్ష్మి అనే అధికారిణి ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడిస్తోంది. నాగేంద్రబాబు సైగ చేశాడు. గున్నయ్య లేచాడు. మైకు అందుకున్నాడు.

"మొదటిసారి అందరికన్నా ముందు ఒప్పుకున్నవోణ్ని నానే. నా కొడుకు సైన్యంలో ఉన్నాడు. దేశం మాట నానెప్పుడూ కాదనను. గానీ అమ్మా, ఆ దేశాలు కొట్టుకున్న రోజు మా ఇసక బంగారం అన్నారు. ఆళ్లు కలిసిపోయిన రోజు మా ఇసక బూడిద అన్నారు. ఆళ్ల తగువులో మేం లేం, ఆళ్ల రాజీలోనూ మేం లేం. రెండిటికీ మాకే దెబ్బ తగిలినాది. కొత్త కంపెనీ బాబులకి నాలుగు డబ్బులు మిగిలినన్నాళ్లూ దేశం పేరు ఇనబడతాది. మిగలని రోజున లారీలు ఎలిపోతాయి. మేం ఎక్కడికి ఎలిపోతాం? నా ఊరు నా సంతకంతో పోనాది. గెడ్డపేట పోడానికి నాను నోరిప్పను."

వెనక వరసలో అశ్విని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాగేంద్రబాబు తల దించుకున్నాడు, ఆపే ప్రయత్నం చేయలేదు. గెడ్డపేట ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

ఝాన్సీలక్ష్మి కలం పట్టుకుని మెల్లగా అడిగింది. "అయితే మీ అభిప్రాయం ఏమని రాసుకోమంటారు? అసలు ఇవ్వం అనా?"

గున్నయ్య మైకు మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"'ఇవ్వం' అని రాయకండమ్మా. దేశానికి కావాలంటే అడగండి, ఇత్తాం. గానీ మీ బేరం కుదిరినా, సెడినా, మా ఊరు మిగిలుండేలాగ అడగండి."