స్వీటీ, ఆగినవా?

పొద్దున ఏడుంపావుకు ఛత్రినాకలో బాలనర్సింహ ఆటో బయల్దేరుతుంది. లోపల ఎనిమిది మంది బడిపిల్లలు, వాళ్ళ సంచులు, టిఫిన్ డబ్బాలు, ఎప్పుడూ ఎవరో ఒకరి ఏడుపు. ఆ ఎనిమిది మందిలో ఆయన కూతురు స్వీటీ ఒకతె. ఆటో పేరు కూడా స్వీటీయే. వెనక రేకు మీద ఎర్ర రంగుతో, రెండు గులాబీల నడుమ రాసి ఉంటుంది.

గల్లీ చివరికి రాగానే ఆటో కేకేస్తుంది. "స్వీటీని. ఎడమకు మల్గుతున్న." అవతల నుంచి పాల వ్యాను, "రా స్వీటీ, నేను ఆగిన" అంటుంది. పాతబస్తీ సందుల్లో ముక్కు బయటపెడితే గాని ఎదురుగా ఏముందో కనబడదు. అందుకని బండ్లు ఇట్లా ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. కొత్త బండి ఇంటికొచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారన్ మూతిలో మూడుసార్లు పేరు చెప్తారు. ఇక అది ఆ పేరుకే పలుకుతుంది. నంబరు ప్లేటు చదవడం దానికి రాదు.

బండ్ల తప్పేం లేదు. బుద్ధి లేనిది మనుషులకు. ఇన్ని పేర్లున్న లోకంలో పిల్లకు స్వీటీ, పిల్లగాడికి పింటూ, మళ్ళీ అవే బండ్లకూ. హుస్సేనీ ఆలంలో ఖుద్దూస్ అనే ఆయన ఆటో కూడా స్వీటీయే. అది అక్కడ, ఇది ఇక్కడ తిరిగినన్నాళ్ళూ దాని గొంతు దీనికి వినబడలేదు, ఏ పేచీ రాలేదు. రెండువేల మూడులో మోరీ పైపుల కోసం రోడ్డు తవ్వారు. ఖుద్దూస్ స్కూలు ట్రిప్పు ఛత్రినాక మీదుగా మళ్ళింది. బాలనర్సింహ ప్రాణానికి అప్పుడు మొదలైంది.

ఖాళీ రోడ్డు మీద ఆటో టక్కున ఆగిపోయేది. ఎందుకాగావంటే, "స్వీటీ ఆగు అన్నరు, ఆగిన" అనేది. అన్నది ఇంకో స్వీటీని, ఇంకో మలుపులో. వెనక స్కూటర్లవాళ్ళు వచ్చి గుద్ది, బాలనర్సింహ వంశాన్నంతా తలుచుకుని పోయేవారు. అది ఓర్చుకోవచ్చు. కానీ ఒక మంగళవారం నీళ్ళ ట్యాంకర్ మలుపు దగ్గర, "స్వీటీ, ఆగినవా?" అని అడిగింది. "ఆగిన" అని జవాబొచ్చింది. ఆగింది ఖుద్దూస్ స్వీటీ, రెండు సందుల అవతల. మాట నమ్మి ట్యాంకర్ ముందుకొచ్చింది. బాలనర్సింహ ఆటో లైటు, ముందు మడ్గార్డు ఊడిపోయాయి. లోపల కూర్చున్న కొమురమ్మ మనవరాలి గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి.

సాయంత్రం కొమురమ్మ మిగతా పిల్లల తల్లుల్ని వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "ఇంకొక్కసారి గిట్లయితే మా పిల్లల్ని పంపం బాలన్నా. ఇయ్యాళ గదవ, రేపు పానం పోతే ఎవరు తెచ్చిస్తరు?"

బండ్ల ఆఫీసులో అడుగుతానని బాలనర్సింహ మాటిచ్చాడు. ఆయన బిడ్డా అందులోనే కూర్చుంటుంది.

మర్నాడే పోయాడు. మూడు కిటికీలు తిప్పి మొదటి కిటికీకే పంపారు. అక్కడ కూర్చునే ఉమాపతి గారు గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి.

"నంబర్లు వేరేగా ఉన్నాయి కదండీ, ఇంక మీ బాధేంటి?"

"నంబరు బండికేం తెలుస్తది సార్? దానికేమన్న సదువొస్తదా?"

"మా ఫారంలో బండి పేరుకు గడి లేదండీ. లేని గడిలో నేనేం రాస్తాను చెప్పండి? నా స్కూటరు కూడా ఎవర్ని పిలిచినా ఆగిపోతోంది. నేనెవరితో చెప్పుకోను?"

ఒళ్ళు మండి, బాలనర్సింహ నేరుగా పంచర్ల దుకాణం దగ్గర ఖుద్దూస్‌ను పట్టుకున్నాడు.

"అరే భాయ్, నా స్వీటీ తొంభై ఎనిమిది మోడల్. సీనియర్. నువ్వే బదల్ జేస్కో" అన్నాడు ఖుద్దూస్.

"నా బిడ్డ పేరు నేనెందుకు తీస్త? నువ్వే తీసెయ్."

"నాది బిడ్డ కాదా మరి?"

పక్కన రెండు ఆటోలూ "స్వీటీని", "నేనే స్వీటీని" అని వాదించుకున్నాయి. గంట లొల్లి జరిగి, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

కానీ కుట్లు పడ్డ ఆ పిల్ల మొహం ఇద్దరినీ నిద్రపోనివ్వలేదు. ఆదివారం పొద్దున బాలనర్సింహ మనసు చంపుకుని పెయింటర్ సాయిలును పిలిచాడు. స్వీటీ చెరిపించాడు. కొడుకు పేరు రాయించి, హారన్ మూతిలో మూడుసార్లు చెప్పాడు. రంగు ఆరకముందే ఖుద్దూస్ నవ్వుకుంటూ వచ్చాడు.

"ఫికర్ చెయ్యకు బాలన్నా, నేనే మార్చిన. ఇగ స్వీటీ నీదే. నాది పింటూ."

బాలనర్సింహ బండి వెనక వైపు చూపించాడు. అక్కడ పచ్చిగా మెరుస్తూ, పింటూ.

ఇద్దరూ అరుగు మీద కూలబడ్డారు. ఒక్కడు మంచివాడైతే సరిపోయేది. ఇద్దరూ ఒక్కరోజే అయ్యారు, అదీ తంటా. మళ్ళీ ఎవరు మార్చాలన్నది తేలకుండానే సోమవారం తెల్లారింది.

ఏడున్నరకు మలుపుకు ఎడమ పక్క బాలనర్సింహ, కుడి పక్క ఖుద్దూస్. రెండు ఆటోల్లోనూ కిక్కిరిసి పిల్లలు. పై నుంచి నీళ్ళ ట్యాంకర్ దిగుతూ పొలికేక పెట్టింది.

"బ్రేకులు పడ్తలేవు! పింటూ, ఏ పక్కనున్నవ్?"

"ఎడమ!" "కుడి!"

"ఏంది లొల్లి! ఒక్కడివి రెండు దిక్కులెట్లుంటవ్? నేనెటు తిరగాలె?"

బాలనర్సింహ ఆటో తన పేరు ఎదుటి దాని నోట విని, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి లేనట్టు, ఒక్క క్షణం మూగబోయింది. తర్వాత గొంతు విప్పింది.

"నేను పింటూను కాను. ఆండాలును. ఎడమకున్న. ఆగిన."

"ఆండాలు ఎడమ, ఆగింది. పింటూ, నువ్వు ఎనక్కి పో!"

ఖుద్దూస్ ఆటో గిర్రున వెనక్కి పోయింది. ట్యాంకర్ కుడికి తిరిగి, ఆ ఖాళీలోంచి దూసుకుపోయి, పైపుల వాళ్ళ ఇసుక కుప్పలో దిగబడింది. పిల్లల్లో ఒక్కరికీ గీత కూడా పడలేదు.

ఆండాలు బాలనర్సింహ పెళ్ళాం. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆమెను ఆ పేరుతో పిలిచినవారు లేరు. ఆయనకు "ఏమే", వాడకు "స్వీటీ వాళ్ళమ్మ". పాతబస్తీ ఆటోల వెనక దేవుళ్ళుంటారు, తల్లులుంటారు, పిల్లలుంటారు. పెళ్ళాం పేరు రాసుకున్న మగవాడు ఒక్కడు లేడు. అందుకే ఆ పేరుకు పోటీ లేకపోయింది.

"దానికి నీ పేరెట్ల తెలిసింది?" ఇంటికొచ్చి అడిగాడు.

"పొద్దుగాల బండి కడుగుకుంట నాతోని నేనే మాట్లాడుకుంట. ఆండాలూ, ఇయ్యాళ గూడ ఇదే బతుకే, అనుకుంట. అది ఇన్నట్టుంది."

ఆయనకు పరువు గుర్తుకొచ్చింది. "బజార్లన్నీ నా పెండ్లాం పేరు వట్టి పిలుస్తున్నయ్. మస్తు నవ్వుతున్నరు. రేపు సాయిలును పిలిచి ఇంకో పేరు వెట్టిస్త."

"ముట్టుకో చూస్త" అంది ఆండాలు. ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి. "పన్నెండేండ్లకు నన్నెవరో పేరుతోని పిలుస్తున్నరు. నువ్వయితే పిలవలే. బండినన్న పిలవనియ్యి."

ఆ మాటకు ఆయన కళ్ళు తిప్పుకున్నాడు.

అప్పుడే కొమురమ్మ, తల్లులు మళ్ళీ వాకిట్లోకి వచ్చారు. "మా పిల్లల్ని కాపాడింది ఆండాలంట గదా. ఎవరమ్మా ఆండాలు?"

బండి పలకబోయింది. దానికంటే ముందు ఆమె చెంగుకు చేతులు తుడుచుకుంటూ గడప దాటింది.

"నేనే."

"అయితే నువ్వే తీసుకపో బిడ్డా. నీ చేతిల వెడితే మాకు ఫికర్ లేదు."

మైదానంలో ఆమెకు బండి నడపడం బాలనర్సింహే నేర్పాడు, విసుక్కుంటూ, అరుస్తూ. "క్లచ్ ఇడువు ఏమే" అంటే బండి కదిలేది కాదు. "క్లచ్ ఇడువు ఆండాలూ" అంటే కదిలేది. లైసెన్సు చేతికొచ్చేసరికి ఆయన నోటికి ఆ పేరు అలవాటైపోయింది.

బోనాల సెలవులయ్యాక మొదటి పొద్దున, ఏడుంపావుకు, ఎనిమిది మంది పిల్లలతో ఆండాలు బయల్దేరింది. మలుపు దగ్గర ట్యాంకర్ కేకేసింది.

"ఆండాలూ, ఆగినవా?"

"ఆగిన" అని బండీ, ఆమే ఒక్కసారే అన్నారు. ట్యాంకర్‌కు ఏ తికమకా కాలేదు.