ఇద్దరికీ ఒకటే బిళ్ళ

పొద్దున్నే ఇల్లూడ్చేటప్పుడు విజయ తన అత్త భాగ్యమ్మ మంచం చుట్టూ రాలిన దూదిని వేరే గంపకెత్తుతుంది. భాగ్యమ్మ ఒకప్పుడు పత్తి జిన్నింగు మిల్లుకు పనికి పోయిన రోజులు తలుచుకుంటే జుట్టులోంచి దూది రాలుతుంది, ఇంటి దగ్గరున్న రోజులు తలుచుకుంటే రాలదు. ఆ దూదితో విజయ దిండ్లు కుడుతుంది. కేసముద్రంలో వాళ్ళ వాడంతా ఆ దిండ్లమీదే పడుకుంటారు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిన మూడో వారంలో టేకుమట్ల నుంచి కొమురమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, నా కొడుకు సుత పోయిండు. ఇగ నాకెవ్వరు లేరు. మీ ఇంట్ల జరంత జాగ ఇస్తవా?"

"రేపు చెప్త" అని భాగ్యమ్మ ఫోన్ పెట్టేసింది. యాభై అయిదేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

పందొమ్మిది వందల యాభై ఆరులో మిల్లులో ఇద్దరికీ కలిపి ఒకటే హాజరు బిళ్ళ. ఒకే వాడలో ఉండే ఇద్దరూ బాలింతలే. ఒకరోజు భాగ్యమ్మ బిళ్ళ తీసుకుని పనికి పోతే కొమురమ్మ ఇంట్లో ఉండి ఇద్దరు పిల్లలకూ పాలిచ్చేది. మర్నాడు కొమురమ్మ పనికి పోయేది, భాగ్యమ్మ ఇంట్లో ఉండేది. మేస్త్రీకి పత్తి ఏరే చేతులు కావాలి గానీ మొఖాలతో పనేముంది! అట్లాంటి ఒక రోజున భాగ్యమ్మ బిడ్డ జ్వరంతో పోయింది. పిల్లకు ఒళ్ళు కాలుతుంటే కొమురమ్మ గుర్రుపెట్టి నిద్రపోయిందని భాగ్యమ్మ వాడంతా చాటింది. కొమురమ్మ నోరు మెదపకుండా ఊరు విడిచింది.

కానీ ఇప్పుడా రోజు తలుచుకుంటే భాగ్యమ్మకు మిషను మోతా వినబడుతుంది, ఒళ్ళో ఇద్దరు పిల్లల బరువూ తెలుస్తుంది. ఏది ఆ రోజుదో అంతుబట్టడం లేదు.

"ఆ దినాన్నే తలుసుకో అత్తమ్మా" అంది విజయ, దూది పడితే కనబడేటట్టు నల్ల చీర పరిచి.

భాగ్యమ్మకు భయమేసింది. అయినా కళ్ళు మూసుకుంది. ముందురోజును తలుచుకుంటే చీర మీద దూది కుప్ప పడింది. విజయ దులిపి మళ్ళీ పరిచింది. బిడ్డ పోయిన రోజును తలుచుకుంది. ఒక్క పోగు రాలలేదు. ఇంకోసారి తలుచుకున్నా అంతే.

కొడుకు సమ్మయ్యతో కొమురమ్మకు ఫోన్ కలిపించింది.

"కొమురీ, ఆ దినం ఇంట్ల ఉన్నది నేనేనానే?"



"నువ్వే అక్కా. నేను మిల్లు నుంచి వచ్చేసరికి పిల్ల సల్లవడ్డది. నిన్ను లేపితె నన్నే తిట్టవడితివి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"నీ కడుపుల సమ్మయ్య ఉండె. చెప్తె బాయిల దునుకుతవని భయపడ్డ."

తల్లి చెవి దగ్గర ఫోన్ పట్టుకున్న సమ్మయ్య అంతా విన్నాడు. కొమురమ్మను తేవడానికి లేచి ఆటో తాళం తీసుకున్నాడు.

"తొవ్వ పొంటి రాస్తారోకోలే ఉన్నయి. ఏడికని ఆపితే ఏం జెప్తవు?" అంది విజయ.

"మా అమ్మను తీస్కరావోతున్న అంట" అన్నాడు సమ్మయ్య.