ఐదో ఏడాది

బాస్కెట్‌బాల్ లీగు రూలు ప్రకారం, జూలై ఆరు మధ్యాహ్నం పన్నెండు దాకా ఏ ఆటగాడూ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. అంతవరకూ నడిచేదంతా నోటిమాటే. ఆ నోటిమాట లెవాన్ గ్యాస్కిన్స్ వారం కిందటే ఇచ్చేశాడు. లూయివిల్ జట్టు వదిలి టాంపా జట్టుకు వస్తానని, ఒకప్పుడు తనతో లూయివిల్‌లోనే ఆడి ఇప్పుడు టాంపాలో ఉన్న ప్రాణస్నేహితుడు కీనన్ హోలిస్‌కు చెప్పాడు.

ఆ మాట నమ్మి కీనన్ చేసింది చిన్న పని కాదు. టాంపాతో అతని ఒప్పందంలో ఇంకో ఏడాది మిగిలి ఉంది. మూడు కోట్ల డాలర్లు. జీతాలకు లీగు పెట్టిన పరిమితిలో లెవాన్‌కు చోటు దొరకాలని ఆ ఏడాదిని వదులుకున్నాడు. ఒకసారి వదులుకుంటే మళ్లీ ఇవ్వరు; లెవాన్ వస్తే తక్కువ జీతానికి ఉంచుకుంటామన్న జట్టు నోటిమాటే అతనికి మిగిలింది.

ఇవాళ ఐదో తారీఖు. వంటింట్లో కుడి మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని కూర్చున్నాడు లెవాన్. ఎదురుగా అతని ఏజెంటు ఎలెయిన్.

"సొంత జట్టు కాబట్టి లూయివిల్ ఐదేళ్లు ఇవ్వగలదు. బయటివాళ్లు నాలుగుకు మించి ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు. ఇక్కడ ఇరవై రెండు కోట్లు, అక్కడ పదహారు. ఇంకేం ఆలోచన బాబూ?"

"కీనన్‌కు మాటిచ్చాను."

"మాట కూడు పెడుతుందా? పైగా టాంపా డాక్టరు నీ మోకాలు చూడందే సంతకం పెట్టనివ్వరు. చూశాడా, ఆ నాలుగేళ్లూ గోవిందా. ఇక్కడ పరీక్షే అక్కర్లేదన్నారు."

వేరే ఊళ్లో లెవాన్ దొంగచాటుగా చూపించుకున్న డాక్టరు, మహా అయితే రెండు సీజన్లు అన్నాడు. అన్ని కోట్లు వెనకేసుకున్నవాడికి ఇంకా ఏం రోగం అంటారు జనం. అనడం తేలికే. టైర్ల ఫ్యాక్టరీలో లెవాన్ తండ్రి నడుము విరిగితే, రెండు వారాల జీతం చేతిలో పెట్టి ఇంటికి పొమ్మన్నారు. తర్వాత పదకొండేళ్లు ఆ మనిషి కిటికీ దగ్గర కూర్చుని గోడకేసి చూశాడు. ఒళ్లు పనికిరాని రోజు ఎలా ఉంటుందో లెవాన్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫోన్ మోగింది. కీనన్ ఒక ఫోటో పంపాడు. వాళ్ల పక్కిల్లు అమ్మకానికి వచ్చింది. "నడుమ గోడ కొట్టించేద్దాం మామా, పిల్లలు ఒకే పెరట్లో ఆడుకుంటారు" అని రాశాడు.

లెవాన్ ఫోన్ బోర్లా పెట్టాడు.

"ఎలెయిన్, నేను నడవలేకపోయినా సరే, ఎవరూ చించెయ్యడానికి వీల్లేకుండా రాయించు."

మర్నాడు పన్నెండుకు లూయివిల్ కాగితాల మీదే సంతకం పెట్టాడు. పన్నెండున్నరకు, కారులో ఉండగా, కీనన్ ఫోన్ చేశాడు.

"టీవీలో చూసి తెలుసుకోవాలట్రా నేను?"

"నా మోకాలు పోయిందిరా. మీ డాక్టరు చూస్తే..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"తొమ్మిదేళ్లు నీ పక్కన పరిగెత్తినవాణ్ణిరా. మెట్లు దిగేటప్పుడు ప్రతిసారీ కుడికాలే ముందేస్తావు. మావాళ్లకు జూన్‌లోనే చెప్పేశాను. నేను మూడు కోట్లు వదులుకుంటే, డాక్టరు ఏమన్నా నిన్ను తీసుకుంటామన్నారు. నీకు చెబితే సిగ్గుపడి రావని నోరు మూసుకున్నాను."

లెవాన్ కారు రోడ్డు పక్కన ఆపాడు.

"మరి నీకు ఇప్పుడు..."

"నువ్వు రావని తెలియగానే కుర్రాళ్లను తెచ్చుకుంటామన్నారు. ముప్ఫై నాలుగేళ్ల ముసలాణ్ణి, నన్నేం చేసుకుంటారు? ఆ గోడ ఇక అలాగే ఉండనీలే." ఫోన్ పెట్టేశాడు.

లెవాన్ వెంటనే ఎలెయిన్‌కు చేశాడు.

"ఆ కాగితాలు చించెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను. డబ్బు అక్కర్లేదు, చించెయ్యి."

అటువైపు ఆమె కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"ఎలా చించను బాబూ? ఎవరూ చించడానికి వీల్లేకుండా రాయించమన్నది నువ్వే కదా."