జీవుడికి మామగారెవరు?

చెదిరిన అక్షరాలను మాటగా, చెదిరిన మాటలను అర్థంగా కూర్చే తల్లీ, వాగ్దేవీ, నీ వీణకు తీగలు ఎన్ని ఉన్నా నాదం ఒక్కటే కదా. తెగిన మాటలను పట్టుకుని దారి తప్పిన ఒక పెద్దమనిషి కథ చెప్పబోతున్నాను. నా మాట నడుమ తెగకుండా కాపాడు.

ఆఫీసులో ఆయనను అందరూ వ్యాఖ్యాతగారు అనేవారు. జీవితమంతా పద్యాలకు అర్థం చెప్పి, వినేవారు కరువై ఇంట్లో గోడలకు చెప్పుకుంటున్న రోజుల్లో అల్లుడు పిలిచి ఈ ఉద్యోగం ఇచ్చాడు. పని విచిత్రమైనదే. జనం ఇంటర్నెట్టులో ఏదో వెతుకుతారు. యంత్రానికి బోధపడితే సరే, బోధపడని ప్రశ్నలు ఈ ఆఫీసు తెరల మీదికి వస్తాయి. అడిగినవారి ఉద్దేశం ఊహించి జవాబు వ్రాస్తే క్షణంలో అది వారికి చేరుతుంది. అడిగిందెవరో ఎవరికీ తెలియరాదని అల్లుడు ఒక నియమం పెట్టాడు: యంత్రం పేర్లన్నీ తీసేసి, మాటల వరుసను కలగాపులగం చేసి మరీ పంపాలి. ఆ నియమాన్ని తలుచుకుని అతడు అప్పుడప్పుడు మురిసిపోయేవాడు.

ఆ కలగాపులగాన్ని చూసి తక్కినవారు తలలు పట్టుకుంటే వ్యాఖ్యాతగారికి ప్రాణం లేచివచ్చేది. పద్యంలో మాత్రం మాటలు వరుసగా ఉంటాయా? క్రియను పట్టుకుని కర్తను అడిగితే తక్కినవి వాటంతటవే వచ్చి ఒదుగుతాయి. ఎటొచ్చీ ఆయనకు చిన్న అర్థంతో తృప్తి లేదు. తన పిల్లి మంచం కిందినుంచి రావడం లేదని ఎవరో మొరపెట్టుకుంటే, మంచం సంసారమనీ పిల్లి మనసనీ రెండు పుటల వ్యాఖ్య పంపారు.

ఆ ఉదయం అల్లుడు వచ్చి ఆయన బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మామగారూ, పిల్లి సంగతి అడిగినాయన పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడు."

"పిల్లి బయటికి వచ్చిందటా?"

"రాలేదు. మీ వ్యాఖ్య చదివి ఆయన కూడా మంచం కిందికే వెళ్ళి కూర్చున్నాడట. వాళ్ళావిడ గోల పెడుతోంది."

"చూశావా బాబూ, అంతర్ముఖుడయ్యాడు."

అల్లుడు నుదురు రుద్దుకున్నాడు. "ఈ పూట ఒక్క జవాబైనా ఒక్క వాక్యంలో రాయండి. సాయంత్రం పైవాళ్ళకు చూపించాలి. లేకపోతే రేపటినుంచి మిమ్మల్ని రావద్దని చెప్పాల్సింది నేనే. ఇంటికెళ్ళి మీ అమ్మాయికి ఏ మొహం చూపించను?"

వ్యాఖ్యాతగారు తన తెర వైపు చూసుకున్నారు. ఇక్కడైతే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు అర్థం చెప్పమని అడుగుతున్నారు. రేపటినుంచి మళ్ళీ గోడలే.

మామగారి కుర్చీకి చెయ్యి విరిగిందని గమనించి, మంచిది వెతుకుతానంటూ అల్లుడు వరండా చివర ఉన్న సామాన్ల గదికి వెళ్ళాడు. కాసేపటికి వ్యాఖ్యాతగారు మంచినీళ్ళకని అటే నడిచారు. ఆ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. తెరిచిన తలుపు కనబడితే గొళ్ళెం పెట్టకుండా ముందుకు కదలలేకపోవడం ఆయనకు చిన్ననాటి అలవాటు. ఒక్క వాక్యం ఎలా వ్రాయాలా అని ఆలోచిస్తూనే గొళ్ళెం పెట్టారు, నీళ్ళు తాగారు, వచ్చి కూర్చున్నారు.

తెర మీద ఒక ప్రశ్న ఎదురుచూస్తోంది: "బయట రాదు ఎవరైనా నేను తలుపు లోపల".

పక్క బల్ల ఆవిడ తొంగిచూసింది. "ఇది వడ్రంగి బేరం, బాబాయిగారూ. తలుపు బిగుసుకుంది, ఎవరైనా వస్తారా అని. నాలుగు చిరునామాలు పంపేయండి."

"'నేను లోపల' అంటున్నాడమ్మా. లోపల ఉన్న నేను ఎవరు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు కాదు, జీవుడు."

"అయిపోయింది," అంటూ ఆవిడ తన తెర వైపు తిరిగింది.

ఒక్క వాక్యమే వ్రాయాలని కూర్చుని, ఆ ఒక్క వాక్యాన్నే పుటన్నర సాగదీశారాయన. సారం ఇది: ఓ జీవుడా, నీవు లోపల లేవు, అసలు తలుపే లేదు, తలుపున్నదన్న భ్రాంతి మాత్రమే ఉన్నది.

చూస్తుండగానే ఆ జవాబు కిందే మరో ప్రశ్న వచ్చింది: "గొళ్ళెం కాదు భ్రాంతి".

వ్యాఖ్యాతగారి కళ్ళు చెమర్చాయి. "చూశావా అమ్మాయ్, గొళ్ళెం కాదట, భ్రాంతేనట. ఎంత చప్పున పట్టుకున్నాడు. ఇలాంటి శిష్యుడు నాకు ఈ జన్మలో దొరకలేదు."

"ఇంతకీ సారు ఎక్కడ? పొద్దుటినుంచి జాడ లేదు."

"కుర్చీ తెస్తానన్నాడు."

"తయారుచేయిస్తున్నారేమో."

ధన్యుడవు, ఆ చీకటిలోనే నిశ్చలంగా కూర్చో అని ఆయన జవాబిచ్చారు. ఈసారి "మీద దాహం కుర్చీలు చీకటి పడ్డాయి" అని వచ్చింది. కుర్చీలంటే పదవులు, దాహమంటే తృష్ణ. పదవుల మీద తృష్ణ వదలుకోమని ఉపదేశించారు. ఆ తరువాత వచ్చిన ప్రశ్న దగ్గర మాత్రం ఆయన చేతులు ఆగిపోయాయి: "తలుపు మామగారూ తియ్యండి మామగారూ".

పేర్లు తీసేసే యంత్రానికి చుట్టరికపు వరుసలు పేర్లుగా తోచలేదు, వదిలేసింది. అయితే జీవుడికి మామగారెవరు? జీవుడి ఇల్లాలు బుద్ధి. బుద్ధిని కన్నది ప్రకృతి. ప్రకృతి స్త్రీ, అత్తగారవుతుంది తప్ప మామగారు కాజాలదు. ఆ మాటే పైకి అన్నారు.

"అత్తగారే మామగారి పెత్తనం చేసే ఇళ్ళు లేవా, బాబాయిగారూ?"

"ఇళ్ళల్లో ఉన్నాయమ్మా, శాస్త్రంలో లేవు."

అంతటి వ్యాఖ్యానమూ ఆ ఒక్క మాట దగ్గర కూలబడింది. తిన్నని అర్థం కుదురుతుండగా చాటు అర్థానికి పోరాదని తాను ఎందరికి బోధించలేదు? సరే, అలాగే చూద్దామనుకున్నారు. మామగారంటే మామగారు. తలుపంటే తలుపు. కుర్చీలంటే కుర్చీలు. ఆయన కుడిచేతి వేళ్ళకు ఉదయం తగిలిన ఇనుప గొళ్ళెపు చల్లదనం మళ్ళీ తగిలింది.

లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. జవాబు వ్రాయకుండా ప్రశ్నను విడిచి వెళ్ళడం ఆయన వల్ల కాదు. గబగబా ఒక్క వాక్యం కొట్టి, ఉత్తరీయం జారుతున్నా చూసుకోకుండా వరండా వెంట పరుగెత్తారు. ఏమైందోనని పక్క బల్ల ఆవిడా వెనకే వచ్చింది.

తలుపు తీసేసరికి అల్లుడు కూలిన కుర్చీల నడుమ మీసానికి బూజుతో కూర్చుని ఉన్నాడు.

"తలుపే లేదన్నారుగా మామగారూ. మరి ఇప్పుడు తీసిందేమిటి?"

"కేకైనా వెయ్యలేదేం బాబూ?"

"వేశాను. గోడ పక్కన ఏసీ మిషను నాకంటే గట్టిగా అరుస్తోంది. ఇక్కడ ఫోను పలకదు, ఆఫీసు నెట్టు ఒక్కటే అందుతుంది. మీ ఫోన్లేమో పనివేళ నా సొరుగులో ఉండాలన్న నియమం నాదే. ఇక ఆ వెతికే పెట్టె ఒక్కటే దిక్కయింది."

"మాటలైనా వరుసగా..."

"కలిపెయ్యాలన్న నియమమూ నాదే. 'భ్రాంతి కాదు, గొళ్ళెం' అని రాశాను నేను."

వ్యాఖ్యాతగారు తల వంచుకున్నారు. అల్లుడి కష్టానికి కొంత, చేజారిన శిష్యుడికి కొంత.

అల్లుడు ఫోను తెరిచి చివరి జవాబు పైకి చదివాడు. "ఉండు నాయనా, వస్తున్నాను." దాన్ని మరోసారి చదువుకున్నాడు. తరువాత అడిగాడు, "ఇది ఒక్క వాక్యమేనా?"

"రెండు క్రియలున్నాయి. అయినా ఒక్కటనుకోవచ్చు."

"సాయంత్రం ఇదే చూపిస్తాను. రేపు రండి. తలుపుల జోలికి మాత్రం పోకండి."

అతడు బూజు దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. గది తలుపు ఓరగా తెరిచే ఉంది. వ్యాఖ్యాతగారి చెయ్యి తనంతట తానే గొళ్ళెం మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"ఉన్నాను బాబాయిగారూ, జీవుణ్ణి," అంది పక్క బల్ల ఆవిడ లోపలినుంచి. "మీకు మంచి కుర్చీ ఏరుతున్నాను, కాస్త ఆగండి."

ఈ కథ విన్నవారు తలుపు అడిగితే వారికి తలుపే తెరుచుకొనుగాక. మాట తెగినా మనసు తెలిసి వచ్చేవారు గడప అవతల ఎల్లవేళలా ఉందురుగాక.