గొట్టంలో సరస్సు

బక్రీదు నాడు ఫ్రిజ్‌లో చోటు ఎవరిదంటే ఆ ఇంట్లో ఎవరైనా ఒకే మాట చెబుతారు, ఖుర్బానీ మాంసానిది. అందుకే కౌసర్ దాచుకున్న, మట్టి నిండిన మోచేతి పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని అత్తగారు నూర్‌బీ తీసి బయట పెట్టింది. అంతటితో ఊరుకుందా, సబ్బు రాసి, పీచుతో తోమి, గిన్నెల పక్కన ఆరబెట్టింది.

"గబ్బు కొడతా ఉండె. శుభ్రంగా కడిగినాలే," అంది.

కౌసర్ గబుక్కున దాన్ని చేతిలోకి తీసుకుంది. రెండు వైపులా మూతలు బిగువుగానే ఉన్నాయి. వాటి మీద తను రాసుకున్న 'పైన', 'కింద' మాత్రం లేవు. గూడూరు దిగువన ఉప్పునీటి సరస్సులో నడుముల్లోతున నిలబడి, అడుగులోకి గొట్టం దించి తీసిన మట్టి అది. ఏటేటా పేరుకున్న పొరల్లో కిందవి పాతవి, పైవి కొత్తవి. ఏ కొస పైదో తెలియకపోతే అది ఉత్త బురద. తను పనిచేసే కాలేజీ ల్యాబ్‌లో ఫ్రిజ్ చెడిపోయిందని ఇంటికి తెచ్చుకోవడం తన తెలివితక్కువే. భర్త కలీం ముందే అన్నాడు: "ఈ ఒక్కసారికే ఒప్పుకుంటా కౌసర్. దీంట్లో ఏం తేలకపోతే ఇంక ఇంటిపట్టున ఉండు." చదువుకున్న పిల్లే కావాలని ఏరి చేసుకున్నవాడే మరి. ఆ చదువు అతని టీకి అడ్డం రానంతవరకే ముద్దు.

పేగులు కడిగింది. బంధువుల వాటా, బీదల వాటా పొట్లాలు కట్టింది. పొద్దుటి నుంచి వంగిన నడుము ఎత్తలేదు, అది ఎవరి కంటా పడలేదు. అందరూ తిని కునుకు తీస్తుంటే గొట్టం పట్టుకుని మిద్దె ఎక్కింది. రంపం బ్లేడుతో నిలువునా కోసి, గాలపు దారంతో మట్టిని రెండుగా చీల్చింది.

ఒక కొసన నల్లటి జిగురు, నీలం నైలాను పోగులు, షాంపూ ప్యాకెట్ ముక్క, రొయ్యల గుంటల కుళ్ళు వాసన. దాని తర్వాత బూడిదరంగు. సీసం కలిపిన పెట్రోలు రోజులు అందులోనే ఎక్కడో ఉంటాయి, మెషిన్‌లో పెడితే తేలుతుంది. నాన్న మోపెడ్ పొగ కూడా ఉందేమో అనుకుంటే నవ్వొచ్చింది. ఇంకా అవతల మట్టి తళుక్కుమంది. కాకిబంగారం, అదే అభ్రకం. గూడూరు గనుల పొడి వాగుల్లో కొట్టుకొచ్చి ఇక్కడ పడుకుంది. ఆఖరున ఏ మచ్చా లేని బంకమట్టి, గోరంత గవ్వలు.

మూత తోమితే పోయేదా ఇది. ఏది నిన్నటిదో, ఏది తాతలనాటిదో మట్టే చెబుతోంది. కౌసర్‌కు చప్పట్లు కొట్టాలనిపించింది, చేతులు చూస్తే రెండూ బురదే. ఇంత సంతోషం తనకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

అంతలో ప్రొఫెసర్ గారి ఫోను. మోచేత్తో స్పీకర్ నొక్కింది. జరిగింది గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"శభాష్ అమ్మా. సాయంత్రం మధుబాబు వస్తాడు, గొట్టం ఇచ్చి పంపు. చెన్నై మీటింగులో దీని గురించి అతను మాట్లాడతాడు. నీకు ఇంట్లో పండగ గదా."

మధుబాబు తన తోటి ఉద్యోగే. సరస్సులో మట్టి తీసిన రోజు ప్యాంటు తడుస్తుందని పడవ దిగలేదు.

"కౌసర్, ఏడుండావే? పొట్లాలు పంచేదానికి రా," కింద నుంచి నూర్‌బీ కేక.

"కలీమ్‌ని పంపండి అత్తమ్మా," అని కౌసర్ ఫోను వైపు తిరిగింది. "మధుబాబుని తప్పకుండా రమ్మనండి సార్. గొట్టం మోసేదానికి మనిషి కావాల. మాట్లాడేది నేను."