తొడ కొట్టిన చెయ్యి ఎవరిది?

దుర్గేష్ కబడ్డీ మ్యాట్ మీద పడ్డప్పుడు స్టేడియంలో కేకలు ఆగలేదు.

ఎదుటి జట్టు డిఫెండర్ మోకాలు అతని కణతకు తగిలింది. అందరూ చూశారు. లేచి నిలబడబోయి తూలాడు. తన జట్టు అనుకుని అవతలి జట్టు వైపు నడిచాడు. జనం నవ్వారు. డాక్టర్ బెంచీ మీంచి లేచాడు.

అంతలో జట్టువాళ్లు దుర్గేష్ చుట్టూ మూగారు. ఆ వీపుల మధ్య నుంచి ఒక చెయ్యి లేచి తొడ మీద ఫెళ్లున పడింది. డాక్టర్ మళ్లీ కూర్చున్నాడు.

పడ్డవాడు తొడ కొడితే బాగున్నట్టే. ఊళ్లో మట్టి మీద ఆడిననాటి ఆనవాయితీ అది. టీవీ వాళ్ల మ్యాట్ మీదికి కూడా వచ్చింది.

దుర్గేష్ మళ్లీ కూతకు వెళ్లాడు. ఈసారి పట్టులో పడి లేవలేదు. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది.

నిర్లక్ష్యంతో చావుకు కారణమయ్యాడని టీం మేనేజర్ మల్లేశ్వరరావు మీద కేసు పెట్టారు. నాంపల్లి కోర్టులో ఆయన వకీలు వీడియో వేయించాడు.

"ఆటలో దిగినవాడు దెబ్బలకు ఒప్పుకునే దిగుతాడు. పైగా తొడ కొట్టి మరీ ఆడతానన్నాడు. ఇక మా క్లయింట్ బాధ్యత ఏముంది?"

ఆ మాటే నిలిస్తే దుర్గేష్‌ను దుర్గేషే చంపుకున్నట్టు తీర్పు రాస్తారు. రేపు సాక్ష్యం చెప్పాల్సింది జట్టు కెప్టెన్ విజయేందర్. మేనేజర్ తరఫు సాక్షి.

అబిడ్స్‌లో ఒక లాడ్జి పై అంతస్తు ఆటగాళ్ల బస. ఆ చావు తర్వాత ప్రాక్టీసులో ఎడమ మూల ఎవరూ నిలబడటం లేదు. అది దుర్గేష్ చోటు. ఒకడు కూత పెడితే ఇంకో గొంతు దానికి జతకలిసినట్టుంటుంది. వాడు ఆపినా అది ఆగదు. ఎవరూ ఎవరితోనూ ఆ మాట అనరు. విజయేందర్ అన్నం ఎడమ చేత్తో చెంచా పట్టి తింటున్నాడు. కుడి చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకోలేకపోతున్నాడు.

సాయంత్రం దుర్గేష్ అక్క సాయిసుధ వచ్చింది. అబిడ్స్‌లోనే చీరల దుకాణంలో పనిచేస్తుంది. వెంట ఆమె వకీలు సునంద ఉంది.

"కూసో అక్కా, చాయ్ చెప్త," అన్నాడు బబ్లూ. జట్టులో కోతి వేషాలు అతనివే.

"చాయ్ వద్దు బాబూ. ఆ వీడియో చూశాను. మా వాడిది ఎడమచేతి వాటం. పుర్రచేత్తో తింటున్నాడని అమ్మ చేతిలో ఎన్ని దెబ్బలు తిన్నాడో! తొడ కూడా ఎడమ చేత్తోనే కొట్టేవాడు. వీడియోలో లేచింది కుడి చెయ్యి. ఎవరు లేపారు?"

విజయేందర్ లేచి నిలబడ్డాడు.

"నేనే అక్కా," అన్నాడు విజయేందర్. "వాని మణికట్టు వట్టుకొని నేనే కొట్టిపిచ్చిన. చల్లగ ఉండె. గా చెయ్యి ఇంక నా చేతులనే ఉన్నట్టున్నది."

ఆమె ఏడవలేదు. "ఎందుకయ్యా?"

"మేనేజర్ సార్ బెంచీ కాడికెల్లి ఒర్లిండు. 'లేపండ్రా! తొడ కొట్టించండి, లేకపోతే డాక్టర్ బయటికి పంపేస్తాడు' అని. మేం గూడ వాని పరువు దక్కుతది అనుకున్నం. పడ్డోణ్ణి పడ్డట్టే బయటికి పంపుడంటే మాకు సిగ్గక్కా."

"కెప్టెన్, నోర్మూయ్!" బబ్లూ లేచాడు. "రేపు గిదే చెప్తే నిన్ను లోపలేస్తరు. మమ్మల్ని టీంలకెల్లి తీస్తరు. మనమేమన్న కూలోళ్లమా కొట్లాడనీకె? స్టార్లం!"

సునంద అతని వైపు తిరిగింది. "పోస్టర్ మీద స్టార్‌వే. మోకాలు ఇరిగిననాడు ఏమైతవ్?"

"ఇంటికి పోత."

"ఉస్మాన్‌గంజ్‌ల బస్తాలు మోసెటోన్ని గూడ నడుం ఇరిగితే ఇంటికే పంపుతరు. నీకు, ఆయనకు ఫరక్ ఏంది?"

"ఆయన ఫోటో పేపర్ల రాదు."

"నీది వస్తది. సచ్చినంక."

బబ్లూ కూలబడ్డాడు.

"ఇనుండ్రి," అంది సునంద. "ఆడుతా అన్నోడు పట్టుకు ఒప్పుకున్నడు, దెబ్బకు ఒప్పుకున్నడు. తల తిరుగుతున్నోణ్ణి మళ్ల దించుడుకు ఎవ్వడు ఒప్పుకోలే. గాడికెల్లి బాధ్యత దించినోడిది. చట్టం ముంగట నేను జెప్పేది గంతే."

"మరి నిలవెట్టింది మేమే గదా మేడం?" అన్నాడు విజయేందర్.

"ఔ. మీ తప్పు గూడ ఉన్నది. అది మీరు ఒప్పుకుంటెనే ఆయనది బయటవడ్తది."

మర్నాడు బోనులో విజయేందర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజర్ వకీలు ఎగిరిపడ్డాడు. మేజిస్ట్రేట్ కళ్లద్దాలు తీశారు.

"ఈ మాట నీ మీదికే వస్తుంది. తెలుసా?"

"తెలుసు సార్. రాస్కోండ్రి."

వెనక బెంచీలో బబ్లూ లేచాడు. "సంకల చెయ్యేసి నిలవెట్టింది నేను సార్."

"నడుం వట్టింది నేను," అన్నాడు ఇంకొకడు.

"డాక్టర్‌కు కనవడకుంట అడ్డం నిలవడ్డది నేను."

కూర్చోమని గద్దించారు మేజిస్ట్రేట్. ఎవరూ కూర్చోలేదు. మల్లేశ్వరరావు అన్నాళ్లలో మొదటిసారి వాళ్ల ముఖాలు చూశాడు. ఆయన చెమట తుడుచుకున్నాడు.

గేటు దగ్గర పోలీసులు విజయేందర్‌ను జీపెక్కించారు. మిగతావాళ్లు తామూ ఎక్కబోయారు.

"అరే, ఇది జీపారా, సిటీ బస్సా?" అని విసుక్కున్నాడు ఎస్సై.

అప్పుడే గుంపును తోసుకుంటూ ఒకడొచ్చాడు. సాయిసుధ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "అక్కా, నేను నరేశ్. మీ తమ్మునికి తాకిన మోకాలు నాదే."

ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"తర్వాత తిట్టుండ్రి. జర నా మాట ఇనుండ్రి. మా టీంల ఒకడున్నడు. నిన్న తలకు తాకింది. మనుషులు రెండు రెండు కనవడ్తున్నరట. సూది ఇచ్చిండ్రు. ఇయ్యాల సాయంత్రం ఆటకు దించుతున్నరు."

జీపులోంచి విజయేందర్ అరిచాడు. "నా ఎంబడి రాకుండ్రి! స్టేడియంకు పోండ్రి!"

జీపు కదిలింది. సాయిసుధ అటు చూడలేదు. నరేశ్ భుజం పట్టుకుని నడవమంది. కోర్టుకు వచ్చిన లా విద్యార్థులు కలిశారు. నాంపల్లి స్టేషన్ ముందు హమాలీలు ఏం సంగతని అడిగి, విని, వాళ్లూ కదిలారు. సాయంత్రం స్టేడియం దగ్గర కాపలావాళ్లు టికెట్లు అడిగేలోపే గుంపు తోపుకు గేటు తెరుచుకుంది.

మ్యాట్ మీద ఒక కుర్రాడు లైట్లకు కళ్లు చికిలించి నిలబడి ఉన్నాడు. సాయిసుధ తిన్నగా వెళ్లి గీత మీద కూర్చుంది.

"ముందు ఈ పిల్లాణ్ని ఆస్పత్రికి పంపండి."

ఆమె పక్కన బబ్లూ కూర్చున్నాడు. తర్వాత నరేశ్. తర్వాత రెండు జట్లూ, హమాలీలూ, విద్యార్థులూ. మ్యాట్ నిండిపోయింది.

రెఫరీ ఈల వేశాడు. మళ్లీ వేశాడు.

ఎవ్వరూ లేవలేదు.